చాలు అనేదాకా

కుర్చీ గది,
మార్చి 4

మాస్టారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం ఇప్పుడే రాయక తప్పడం లేదు. ముప్పై ఒకటో రోజు రీలు కడిగి ల్యాబ్ వాళ్లు ఇవాళ ఇచ్చారు. అందులో మన ఖాళీ కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది. వచ్చే నెల పంతొమ్మిదిన ఈ గది ఖాళీ చేస్తారట. కుర్చీనీ పాత రీళ్లనీ బండిలో ఎత్తుకుపోతారని మన ఫిల్ము స్కూలు పెద్దాయన తలుపు మీద నోటీసు అంటించారు. ఆలోగా ఈ రీలుని ఏం చేయాలో మీరు చెప్పాలి.

మీ కంటి ఆపరేషన్ అయి పది రోజులు కూడా కాలేదని తెలుసు. "ఆయన కళ్లకి కట్టు కట్టుకుని పడుకుంటే నువ్వు దయ్యాల కథలు పంపుతావా?" అని అమ్మ తిట్టింది. అమ్మకి చెప్పాను గానీ రీలు చూపించలేదు. ఇంకెవరికీ చూపించలేదు.

మీరు లేకపోయినా పాఠం మీరు పెట్టినట్టే నడుస్తోంది. రోజూ పదకొండు పదికి, కిటికీ వెలుగు కుర్చీ అంచుకి తగిలేసరికి అందరం సిద్ధంగా ఉంటాం. స్టాండు కాళ్లు సుద్దగీతల మీదే. తొమ్మిదిమందీ వంతులవారీగా కెమెరా పడుతున్నారు, వెలుగు కొలిచే మీటరు నేను పట్టుకుంటున్నాను. రెండు నిమిషాల నలభై సెకన్లకి రీలు అయిపోతుంది. నేను "చాలు" అంటాను. అప్పటిదాకా ఎవరూ కదలరు. ఆ రోజూ అంతే. కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

మన తొందర ఉంది కదా, అన్నిటికీ పరిగెత్తే అమ్మాయి, తను మొన్నే అంది: "మాస్టారు ఈ కుర్చీకి పెళ్లిచూపులు పెట్టారు. నెల రోజులైంది, పెళ్లికూతురు రాదు, మనల్ని లేవనివ్వరు." అందరం పడీ పడీ నవ్వాం. రీలు చూస్తుంటే ఆ మాట గుర్తొచ్చింది. ప్రొజెక్టరు ఆపేసి కిటికీ తెర తీసేశాను. పట్టపగలే, మాస్టారూ. బయట వీధిలో ఎవరో కారు కడుగుతున్నారు.

జవాబు కోసం చూస్తుంటాను.

మీ మీటరమ్మాయి

*

కంటి ఆసుపత్రి, రెండో అంతస్తు,
మార్చి 10

మీటరమ్మాయ్,

నాకు కట్టు విప్పడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది. మన భాష వచ్చిన నర్సమ్మ దొరికింది కాబట్టి ఈ నాలుగు ముక్కలు చెప్పి రాయిస్తున్నాను.

నీకు మూడేళ్లుగా ఏం నేర్పాను? చూసింది రాయి, అనుకున్నది రాయకు. "ఒకావిడ కూర్చుని ఉంది" అన్నావు. అది నువ్వు అనుకున్నది. చూసింది ఏమిటి? కుర్చీ కాళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి రా. ఎక్కడ వెలుగుంది, ఎక్కడ లేదు, అంచు ఎక్కడ తెగింది, అది రాయి. మనిషి వచ్చాక లైటు పెట్టడం ఎవరైనా చేస్తారు. మనిషి రాకముందే ఆ మనిషికి వెలుతురులో చోటు ఉంచడం నేర్చుకోవాలనే మీకు నలభై రోజులు ఖాళీ కుర్చీ చూపిస్తున్నాను. ముప్పై ఒక్క రోజులకే చోటు నిండిపోయిందని గాభరా పడితే ఎలా?

ల్యాబ్ తప్పు అయి ఉంటుంది. ఇంకెవరి రీలో కలిసి ఉంటుంది.

ఒక్కటి మాత్రం సరిగ్గా చూసి రాయి. ఏ చేతి మీద ఏ చెయ్యి ఉంది?

మాస్టారు

ఇది నేను, నర్సుని. ఆయన చెప్పకుండానే రాస్తున్నాను. నీ ఉత్తరం నా చేత మూడుసార్లు చదివించుకున్నారు. ఈ వార్డులో కళ్లకి కట్టున్న అందరికీ నా టేపు రికార్డరే కాలక్షేపం. పాటలు ఆపమన్న పేషెంటు ఇంతవరకు ఈయనొక్కరే.

*

కుర్చీ గది,
మార్చి 14

మాస్టారికి,

కింద నుంచి పైకి రాస్తున్నాను.

కుర్చీ ముందు నేల మీద రెండు కాళ్లు, చెప్పులు లేవు. కుడి పాదం ఎడమ పాదం మీద వేసి ఉంది. చీర అంచు మడమల దాకా. ఒళ్లో చేతులు. కుడి చేతి మీద ఎడమ చెయ్యి. ఎడమ బొటనవేలికి తెల్లగుడ్డ కట్టి ఉంది, ముడి లావుగా, కట్టడం రానివాళ్లు కట్టినట్టు. మన కుర్చీకి చేతులున్నాయి కదా, ఆ కర్రచెయ్యి ఆవిడ మోచేతిలోంచి దూసుకుపోతోంది. మోచెయ్యి మాత్రం కదలదు, నొప్పి ఉన్నట్టు లేదు. భుజాల మీద వెలుగు ఎడమ నుంచి, మన కిటికీ వైపు నుంచే పడుతోంది. ముఖం గరుగ్గా ఉంది, పాత గోడ మీద సున్నంలా. కళ్లు కెమెరాని చూడటం లేదు. కెమెరాకి కొంచెం ఎడమగా, మనిషి ఎత్తులో చూస్తున్నాయి. మీరెప్పుడూ నిలబడే చోటు అది.

ల్యాబ్ తప్పు కాదు. ఫిల్ము అంచు మీద నంబరు వేరే రీళ్లతో కలవలేదు, నిజమే, కానీ తప్పు నాది. పోయిన ఉత్తరంలో దాచాను. ఆ రోజు తొందర కొత్త రీలు డబ్బా వెలుతురులో తెరిచేసి పాడుచేసింది. ఇంకో రీలు లేదు. ఒక్క రోజు తప్పినా నలభై మళ్లీ మొదటి నుంచి అన్నది మీ నియమం. అందుకని మీ అలమారా తెరిచాను. అడుగు అరలో, స్వెటరు కింద, పేరు లేని డబ్బా ఒకటి కనిపించింది. తెల్ల టేపు వేసి ఉంది, కొత్త రీలే అనుకుని ఎక్కించాను. మిమ్మల్ని అడగకుండా తీసినందుకు క్షమించండి.

ఇంకో సంగతి. ముప్పై రెండో రోజు నుంచి మీటరు అంకెలు చూసుకున్నాను. కుర్చీలో మనిషి ముఖం ఉండే ఎత్తులో కిటికీ వైపు తిప్పి పట్టుకుంటే, ముల్లు ఒక గీత కిందికి దిగుతోంది. రెండడుగులు పక్కకి జరిగితే మామూలే. మీటరుకీ కిటికీకీ మధ్య ఎవరో అడ్డొచ్చినట్టు. పక్క తరగతి మీటరు అరువు తెచ్చి చూశాను. అదీ అంతే.

అమ్మ రోజూ తొమ్మిదింటికి ఈ గది తుడుస్తుంది కదా. నిన్న తడిగుడ్డ కర్రతో కుర్చీ దగ్గరికొచ్చి "కాస్త కాళ్లు ఎత్తమ్మా" అంది. అని, తుడిచేసి, నాలుగడుగులు వేశాక ఆగిపోయింది. "ఏమే, నేనిప్పుడు ఎవరితో మాట్లాడాను?" అని నన్నడిగింది.

మీ
మీటరమ్మాయి

*

కంటి ఆసుపత్రి,
మార్చి 20

అమ్మాయ్,

రీలు కాల్చేయి. తరగతి ఆపేయి. మిగిలిన రోజులు తీయొద్దు. కుర్చీని బండివాళ్లు వచ్చేదాకా ఆగకుండా బయట పెట్టించు. మీటర్లు రెండూ పాతవి, వాటి మాట నమ్మకు.

నా అలమారా ఇంకెప్పుడూ తెరవకు.

మాస్టారు

నర్సుని. "కాల్చేయి" అని రాయించి, ఆ కాగితం చింపించి, మళ్లీ "కాల్చేయి" అనే రాయించారు. ఇవాళ కట్టు తడిసిపోయిందని డాక్టరుగారు నామీద కేకలేశారు. కళ్లకి కుట్లు పడ్డవాళ్లు ఏడవకూడదు తల్లీ. ఏం రాస్తున్నావో కాస్త చూసి రాయి. చదివి వినిపించేదాన్ని నేను.

*

కుర్చీ గది,
మార్చి 25

మాస్టారికి,

మీ మాట మొదటిసారి కాదంటున్నాను. రీలు కాల్చలేదు.

మా ఇంట్లో బడికెళ్లిన మొదటిదాన్ని నేను. ఈ స్కూల్లో మా అమ్మ నేల తుడుస్తుంటే, మీరు మన భాషలో "ఏమమ్మా, మీ అమ్మాయి చదువుకుంటుందా?" అని అడగబట్టి నేనిక్కడ ఉన్నాను. ఈ దేశంలో పరాయివాళ్లెవరూ అంతవరకు మాతో మన భాషలో మాట్లాడలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. మీరు నేర్పిన చదువుతోనే ఈ రీలు చదివాను. అందుకే రాస్తున్నాను.

అది రెండుసార్లు బొమ్మ పడ్డ రీలు. కర్రచెయ్యి మోచేతిలోంచి వెళ్లింది అందుకే: ఆవిడ కూర్చున్నది చేతుల్లేని వేరే కుర్చీ. మన దగ్గర తీసిన రీలుకి ఎర్ర టేపు, కొత్తదానికి తెల్ల టేపు. మీరు ఇక్కడికి రాకముందున్న దేశంలో ఇది తిరగేసి ఉంటుందని నాకు తోచి ఉండాల్సింది. అంటే మీరు తీసిన రీలు మీద నేను ఖాళీ కుర్చీ తీశాను. ఇంత పాడుపని చేసినందుకు నన్ను ఏమన్నా పడతాను.

కానీ ఒకటి అర్థం కాలేదు. వేరే దేశంలో, వేరే గదిలో తీసిన బొమ్మ, మన సుద్దగీతల మీద పెట్టిన బొమ్మతో వెంట్రుకవాసి తేడా లేకుండా ఎలా కలిసింది? పాత విద్యార్థుల రీళ్లు దించాను. ఇరవై ఆరు తరగతులు. ఒక్కో తరగతి నుంచి ఒక్కో రీలు చూశాను. గోడకి మూడడుగుల దూరం, ఎడమ కిటికీ, కూర్చున్న ఆడమనిషి కంటి ఎత్తులో కెమెరా. ఇరవై ఆరేళ్లుగా మీరు మా అందరి చేతా ఒకే బొమ్మ తీయిస్తున్నారు. మేము దాన్ని వెలుతురు పాఠం అనుకున్నాం.

ఇంకోటి కూడా గమనించాను. మీరు ఒక్కసారి కూడా "చాలు" అనలేదు. రీలు అయిపోగానే చెయ్యి ఎత్తుతారు. నేనంటాను. నాకు ముందు ఇంకెవరో అనేవారట.

నిన్న తొందర మామూలుగా గెంతుకుంటూ వచ్చి, నియమం మరిచిపోయి కుర్చీలో కూలబడబోయి, సగంలో లేచి "అయ్యో, సారీ అండీ" అంది. తరగతి అంతా నవ్వింది. "ఎవరికే సారీ?" అని పక్కమ్మాయి అడిగింది. తొందర నవ్వలేదు. కుర్చీ వంక చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి గోడకి ఆనుకుంది. ఇవాళ తరగతికి రాలేదు.

ముప్పై తొమ్మిది రోజులు పూర్తయ్యాయి. నలభయ్యోది ఆపి ఉంచాను. మొదటి నుంచి మొదలైనా సరేననుకున్నాను. ఆవిడ ఎవరో చెప్పకుండా మాత్రం కుర్చీని బయటపెట్టమనకండి. నాకు చేతులు రావడం లేదు.

మీ
మీటరమ్మాయి

*

ఏప్రిల్ 2

అమ్మాయ్. నేనే రాస్తున్నాను. నర్సమ్మ చేత రాయించే మాట కాదు ఇది. కట్టు ఉంది, గీతలు వంకర పోతాయి, సర్దుకుని చదువు.

మా అక్క. అమ్మానాన్నా లేరు మాకు, అక్కే పెంచింది. తను బడి మొహం చూడలేదు, నన్ను మాత్రం చెవి పట్టుకుని బడికి లాక్కెళ్లేది. ఆ దేశంలో నేను కెమెరా అసిస్టెంటుని. అక్కడ తీసిన రీలుకే తెల్ల టేపు, నువ్వు పట్టుకున్నావు.

బయల్దేరే రోజు ఉదయం నా ప్రయాణానికి కూర తరుగుతూ బొటనవేలు కోసుకుంది. ఆ గుడ్డ నేను కట్టాను. నాకు కట్టడం రాదు. చేతిలో ఒక్క రీలు ఉంది. కూర్చో అక్కా, నిన్ను తీస్తాను అన్నాను. "నన్ను తీసి ఏం చేస్తావురా? గోడని తియ్యి. గోడైతే నిన్ను తిట్టదు" అంది. కూర్చుంది. నేను చాలు అనేదాకా కదలకూడదు అన్నాను. రీలు నడుస్తుండగానే బయట బండి హారన్. రీలు అయిపోయింది. కెమెరా సంచిలో సర్దాను. తను కదల్లేదు. నన్ను ఆటపట్టిస్తోందని తెలుసు, మాట అంటే మాటే తనకి. నేనూ పంతం పట్టాను. బండి ఎక్కి కిటికీలోంచి అరుద్దాం, అప్పుడు పరిగెత్తుకొస్తుంది, చూద్దాం అనుకున్నాను. బండి వీధి మలుపు తిరిగేసింది.

పక్కింటావిడ రాయించిన ఉత్తరం నేను ఈ దేశం చేరిన పదకొండో రోజున అందింది. నేను బయల్దేరిన రోజు సాయంత్రం పొయ్యి వెలగలేదని చూడ్డానికి వెళ్లిందట. అక్క కుర్చీలోనే ఉందట. చేతి మీద చెయ్యి వేసుకుని. గుండె ఆగిందన్నారు. ఎప్పుడు ఆగిందో ఎవరూ చెప్పలేదు.

ఆ ఉత్తరం చదివిన రోజు వెలుగు చొరబడని చీకటి సంచిలో చేతులు పెట్టి రీలు మొదటికి చుట్టేశాను. ఎందుకని అడిగితే చెప్పలేను. అందుకే నీకది కొత్త రీలులా కనిపించింది. కడిగించలేదు. కడిగితే తెలిసిపోతుంది కదా. ఆ రెండు నిమిషాల నలభై సెకన్లలో నేను కెమెరాలోంచి చూస్తూనే ఉన్నాను, వెలుగు చూశాను, అంచు చూశాను, మనిషిని చూశానో లేదో తెలియదు. నేను తీస్తున్నప్పుడే పోయిందేమో. బతికున్న అక్కకి నేను చెప్పాల్సిన మాట చెప్పలేదా, పోయిన అక్కని కదలకు అని కూర్చోబెట్టానా. ఇరవై ఏడేళ్లుగా ఇదొక్కటే.

నువ్వు ఆ రీలు చూశావు. రెప్ప వేస్తోందో లేదో నాకు రాయకు. బతిమాలుతున్నాను.

*

కుర్చీ గది,
ఏప్రిల్ 8

మాస్టారికి,

మీ అక్షరాలు ఒక వరస మీద ఇంకో వరస పడ్డాయి. విడదీసి చదవడానికి రెండు గంటలు పట్టింది. చివర ఒక మాట రాసి, దాని మీద అడ్డంగా చాలాసార్లు గీసేశారు. కాగితం చిరిగింది. ఆ మాట ఏమిటో నాకు తెలుసు.

రాయొద్దన్నారు. రాస్తున్నాను. ఈ ఉత్తరం చదువుతున్న నర్సమ్మగారూ, దయచేసి ఇక్కడ ఆగకండి, పూర్తిగా వినిపించండి.

రీలు మళ్లీ ఆడించాను. మీరు నేర్పినట్టే, చూసిందే రాస్తున్నాను. ఆవిడ రెప్ప వేస్తోంది. కాగితం మీద గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టాను. మొత్తం ముప్పై నాలుగుసార్లు. ఒక నిమిషం దాటాక ముక్కు దురద పెట్టినట్టుంది, గోక్కోకుండా మూతి తిప్పింది. ఆ తర్వాత తల కొంచెం తలుపు వైపు తిరిగింది, వెంటనే సర్దుకుంది. హారన్ అప్పుడే మోగి ఉంటుంది. ఆఖరి నాలుగు సెకన్లలో పెదాలు బిగపట్టి నవ్వు ఆపుకుంది. బుగ్గ మీద సొట్ట పడింది. ఆఖరి ఫ్రేములో మీరున్న వైపు చూసి కనుబొమ్మలు ఎత్తింది. అయిందా అని అడుగుతున్నట్టు. ఇది మాత్రం చూసింది కాదు, అనుకున్నది. తప్పయితే కొట్టేయండి.

మీరు తీసింది బతికున్న మనిషిని, మాస్టారూ. నా తప్పు వల్ల ఆవిడ ఒంటి మీద మన కుర్చీ గీతలు పడ్డాయి. అయినా ముఖం మీద మాత్రం ఏ గీతా పడలేదు. రీలు నా సంచిలో ఉంది, బండి ఎక్కదు. మీ కట్టు విప్పాక మీరే చూడాలి.

ఇక మీటరు. నిన్న కూడా ఒక గీత తక్కువే. ముప్పై తొమ్మిదిసార్లు నేను ఈ గదిలో "చాలు" అన్నాను. నేనంటే సరిపోవడం లేదు. ఆవిడకి ఆ మాట ఇచ్చింది నేను కాదు కదా. పంతొమ్మిదిన కుర్చీని ఎత్తి బండిలో వేస్తారు. ఎవరో కూర్చుని ఉండగానే ఎత్తుతారేమోనని నాకు భయంగా ఉంది. చదువుకున్నదాన్ని ఇలా రాయకూడదు. కానీ మీటరు రెండు చేతులతో పట్టుకుని చూసిందాన్ని కూడా నేనే.

మీరు రాసి కొట్టేసిన మాట మళ్లీ కాగితం మీద రాయకండి. ఆవిడకి చదువు రాదన్నారు. మా ఇంట్లోనూ నేను తప్ప ఎవరికీ రాదు, మా అమ్మకి ఏది చెప్పాలన్నా నోటితో చెప్పాల్సిందే. నర్సమ్మగారి టేపు రికార్డరులో మీ గొంతుతో ఆ ఒక్క మాట అని క్యాసెట్ పంపండి. వేరే ఏమీ అక్కర్లేదు. పద్దెనిమిదిన పదకొండు పదికి నలభయ్యో రోజు తీస్తాం. తొందర కూడా వస్తానంది, కెమెరా తనే పడుతుందట. రీలు అయిపోగానే మేమెవరం నోరు తెరవం, క్యాసెట్ పెడతాం. ముందొకసారి, తర్వాతొకసారి మీటరు చూస్తాను. ముల్లు ఎక్కడుంటే అక్కడ ఉందని రాస్తాను.

మీ అక్క సంగతి రాత్రి అమ్మకి చెప్పాను. ఇవాళ పొద్దున అమ్మ గది తుడవడానికి వచ్చింది. కుర్చీ దగ్గర ఆగి "కాస్త కాళ్లు ఎత్తమ్మా" అంది. ఈసారి పరధ్యానంగా అనలేదు, అడిగింది. ఎత్తేంతసేపు ఆగింది. కింద తుడిచి, తడిగుడ్డ పిండుకుంటూ, "ఇంకెంతలే, మీ తమ్ముడు చెప్పేస్తాడు" అంది.

క్యాసెట్ పదిహేడో తేదీలోపు నాకు చేరేలా పంపండి.

మీ
మీటరమ్మాయి